1800 రేటింగ్ ఎదురుగా కూర్చున్నప్పుడు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. 20 ఏళ్లుగా చెన్నై వ్యాసర్‌పాడిలో ఉంటున్నాం. నేను వెల్డింగ్ పని చేస్తాను. మా పాపకి 13 ఏళ్లు, కార్పొరేషన్ బళ్లో ఎనిమిదో తరగతి. అక్కడ పీటీ సార్ నేర్పిన చదరంగం మూడేళ్లుగా ఆడుతోంది. ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) ఇచ్చే రేటింగ్, అంటే ఆట బలం చెప్పే అంకె, 1467. వచ్చే నెల 9 రౌండ్ల ఓపెన్ టోర్నమెంట్‌కి పేరు ఇచ్చాం. అక్కడికి వచ్చేవాళ్లు చాలామంది 1700, 1800. వాళ్లకి ఇంటికొచ్చి నేర్పే కోచ్‌లున్నారు, లాప్‌టాప్‌లున్నాయి. మాకున్నది ఒక ఫోను, ఒక ప్లాస్టిక్ బోర్డు. పెద్ద రేటింగ్ కనబడితే చాలు, పాప చెయ్యి వణుకుతుంది. 20 ఎత్తుల్లో ఓడిపోయి వచ్చేస్తుంది. గెలిస్తే వచ్చి పొంగలి పెడతానని వాళ్లమ్మ పెరియపాళయం అమ్మవారికి మొక్కుకుంది. నమ్మకం ఒక్కటే చాలా? ఇలాంటివాళ్ల మీద మా పాప గెలవడం అసలు కుదిరే పనేనా? లేక డబ్బూ మనసూ రెండూ పాడుచేసుకుంటున్నామా?
— ఒక తండ్రి, వ్యాసర్‌పాడి

జవాబు: పంపండి. తప్పకుండా పంపండి, 9 రౌండ్లూ ఆడించండి.

మీ ఉత్తరంలో అసలు సంగతి ఒక చిన్న మాటలో ఉంది. "20 ఎత్తుల్లో ఓడిపోయి వచ్చేస్తుంది" అన్నారు. 1467 దాకా ఎదిగిన పిల్ల నిదానంగా ఆడితే, ఎదుట 1800 ఉన్నా సరే, ప్రతిసారీ 20 ఎత్తుల్లో ఓడదు. ఓడినా 45, 50 ఎత్తుల దాకా లాక్కొస్తుంది. కాబట్టి పాపని ముందుగా ఓడిస్తున్నది అవతలివాళ్ల కోచ్ కాదు, భయంతో వచ్చే తొందర. ఆటలో ఉన్న లోటు పూడ్చడానికి ఏళ్లు పడుతుంది. తొందరని మాత్రం ఒక నెలలో బాగా తగ్గించవచ్చు. మీ చేతిలో సరిగ్గా ఒక నెల ఉంది.

"కుదిరే పనేనా" అన్నారు కదా, దానికి లెక్కే జవాబు చెబుతుంది. పాప పక్కన కూర్చుని కాగితం మీద ఈ లెక్క చేయించండి. ఫిడే పట్టిక ప్రకారం ఇద్దరి మధ్య తేడా 200 ఉంటే తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకి ఆటకి 0.24 పాయింటు వస్తుందని అంచనా (గెలుపుకి ఒకటి, డ్రాకి అర). అంటే అలాంటి నాలుగు ఆటల్లో దాదాపు ఒక పాయింటు. అది ఒక గెలుపు, మూడు ఓటములుగా రావచ్చు. రెండు డ్రాలు, రెండు ఓటములుగా రావచ్చు. తేడా 300 అయితే 0.15. తేడా 400 అయితే 0.08, అంటే పన్నెండు ఆటలకి ఒక పాయింటు. ఎక్కడా సున్నా లేదు, గమనించండి.

రేటింగ్ పెరిగే తరిగే లెక్క ఇంకా ధైర్యమిస్తుంది. 18 ఏళ్లు నిండే సంవత్సరం చివరిదాకా, రేటింగ్ 2300 లోపు ఉన్నంతకాలం, పిల్లలకి కె అనే గుణకం (ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత మారాలో చెప్పేది) 40 ఉంటుంది. 200 ఎక్కువ ఉన్నవాళ్ల చేతిలో ఓడితే పాపకి పోయేది 40 × 0.24, అంటే 9.6. డ్రా చేస్తే 10.4 వస్తుంది. గెలిస్తే 30.4. మూడు ఆటలు ఓడి ఒక్కటి గెలిచినా చివరికి 1.6 మిగులే. ఇక 1867 దాటినవాళ్లు ఎదురైతే తేడా ఎంత ఉన్నా 400గానే కడతారు. ఓడితే 3.2 పోతుంది, గెలిస్తే 36.8 వస్తుంది. ఆ బల్ల దగ్గర పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉన్నది అటు కూర్చున్నవాళ్లకి. ఈ మాట మీరు చెబితే ఓదార్పులా వినిపిస్తుంది. అదే పాప తన చేత్తో గుణించి చూసుకుంటే మనసులో నాటుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పి ఉంచండి. ఇలాంటి టోర్నమెంట్లు స్విస్ పద్ధతిలో నడుస్తాయి. మొదటి రౌండులో రేటింగ్ వరసలో రాసిన జాబితాని (అందులో ఎవరి స్థానం వాళ్ల సీడ్) సగానికి విడగొట్టి పై సగాన్ని కింది సగంతో కలుపుతారు. 160 మంది ఉంటే మొదటి సీడ్‌కి 81వ సీడ్ ఎదురు. పాప 120వ సీడ్ అయితే 40వ సీడ్‌తో పడుతుంది. అంటే టోర్నమెంట్ మొత్తంలో తనకి పడే పెద్ద బండల్లో ఒకటి మొదటి పూటే నెత్తిన పడుతుంది. ఓడితే రెండో రౌండులో సాధారణంగా తనలాగే సున్నా ఉన్నవాళ్లే ఎదురొస్తారు. ఇది తెలియని పిల్లలు మొదటి ఆట ఓడగానే "ఈసారీ ఇంతే" అనుకుని మిగతా ఎనిమిదీ నీరసంగా ఆడతారు.

పెద్ద సీడ్లు ఎప్పుడూ గెలుస్తారనుకుంటే మీ ఊరి పక్కనే జరిగినది గుర్తు చేయండి. 2022లో మామల్లపురం చదరంగ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) ఓపెన్ విభాగంలో మొదటి సీడ్ అమెరికా, రెండో సీడ్ భారత్ ఎ జట్టు. స్వర్ణం గెలిచిన ఉజ్బెకిస్తాన్ 14వ సీడ్. రజతం ఆర్మీనియాది, వాళ్లు 12వ సీడ్. కాంస్యం మన బి జట్టుది, 11వ సీడ్. గుకేశ్, ప్రజ్ఞానంద, నిహాల్ లాంటి కుర్రాళ్లున్న ఆ బి జట్టు ఎనిమిదో రౌండులో అమెరికాని 3–1తో ఓడించింది. మొదటి రెండు సీడ్లకీ పతకమే లేదు. 2025లో బతూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్‌లో 15వ సీడ్ దివ్య దేశ్‌ముఖ్ మన హారికనీ, ఫైనల్లో మన హంపినీ దాటి కప్పు గెలిచింది. అప్పటికి ఆమెకి గ్రాండ్‌మాస్టర్ నార్మ్ (ఆ బిరుదుకి లెక్కలోకి వచ్చే టోర్నమెంట్ ప్రదర్శన) ఒక్కటీ లేదు. ఆ గెలుపుతోనే నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది. హంపి ఓడినందుకు తెలుగువాళ్లుగా మనకి మనసు చివుక్కుమన్నా, మీ పాప చూడాల్సిన ఆటలవి. వాటిలో చాలావరకు ఒక్క దెబ్బతో తేలినవి కావు, అవతలివాళ్లు అలిసి ఒక తప్పు చేసేదాకా సాగినవి.

తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకి దారి అదే. ఆటని పొడుగు చేయాలి. బలమైన ఆటగాడికి కూడా 35వ ఎత్తు దగ్గర మెడ నొప్పి పుడుతుంది, గడియారంలో నిమిషాలు తరుగుతాయి, "ఈ పిల్ల మీద ఇంకా గెలవలేదేంటి" అనే చిరాకు మొదలవుతుంది. తప్పులు అక్కడ వస్తాయి. అప్పటికి మీ పాప బల్ల దగ్గర ఉండాలి, తన గడియారంలో సమయం ఉండాలి. 20వ ఎత్తుకే లేచి వచ్చేసిన పిల్లకి ఆ తప్పు ఎదురే పడదు.

అందుకే గడియారం గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మీ టోర్నమెంట్‌లో సమయం ఎంతో సర్క్యులర్‌లో చూడండి. 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల చొప్పున అదనం అనే పద్ధతి అనుకుని చెబుతున్నాను. వేరేగా ఉంటే అదే పాళ్లలో మార్చుకోండి. 10 ఎత్తులయ్యేసరికి గడియారంలో 85 నిమిషాలకి అటూ ఇటూ ఉండాలి. 20 ఎత్తులకి 55, 30 ఎత్తులకి 30, 40 ఎత్తులకి 20. అంటే 11 నుంచి 30 దాకా ఉన్న ఎత్తులకే ఎక్కువ సమయం ఖర్చు పెట్టాలి. ఆట తిరిగేది అక్కడే కాబట్టి. ఆ తర్వాత 10 నిమిషాల లోపుకి జారనివ్వకూడదు. స్కోర్ షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితం) ప్రతి ఐదో ఎత్తు పక్కన గడియారం అంకె రాయమనండి. గడియారం సమయం రాసుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. ఎత్తుని మాత్రం ముందు బోర్డు మీద ఆడాకే షీట్‌లో రాయాలి, ముందే రాయకూడదు.

ఇప్పుడు ఓడిన పాత ఆటలు తీసి చూస్తే, 20 ఎత్తులకి గడియారంలో ఇంకా 85, 90 నిమిషాలు మిగిలే ఉంటాయని నా అంచనా. అంటే గంటన్నర చేతిలో ఉండగానే ఓడిపోయిందన్నమాట. భయం వేసినప్పుడు మనిషికి ఆ కుర్చీలోంచి లేచిపోవాలనిపిస్తుంది. చెయ్యి వెంటనే పావు మీదకి పోతుంది. దీనికి పాతకాలపు చిట్కా ఒకటుంది: రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం. ఎదుటివాళ్లు ఎత్తు వేశాక మూడు ప్రశ్నలు పూర్తయ్యేదాకా చెయ్యి పైకి రాకూడదు. ఈ ఎత్తుతో వాళ్లు నా రాజుకి చెక్ ఇవ్వగలరా? నా పావుల్లో దేన్ని కొట్టగలరు? తర్వాతి ఎత్తులో ఏం చేద్దామని చూస్తున్నారు? తన ఎత్తు మనసులో అనుకున్నాక ఇవే మూడు ప్రశ్నలు మరోసారి. రెండూ కలిపి ఒక నిమిషం పట్టదు. ఉచితంగా పావు పోగొట్టుకోవడం సగానికి సగం దీనితోనే ఆగుతుంది.

భయం ఇంకో రెండు వేషాల్లో వస్తుంది. ఒకటి, డ్రా కోసం పావులన్నీ మార్చేసుకోవడం. "మంత్రులు పోతే ప్రమాదం పోయినట్టే" అనుకుంటారు పిల్లలు. పెద్ద రేటింగ్ వాళ్లకి బలం ఎక్కువగా ఉండేది పావులు తక్కువున్న చివరి ఆటలోనే. పిల్ల తన చేతులతోనే వాళ్లని వాళ్ల ఇంటికి తీసుకెళ్లినట్టవుతుంది. ఏ పావునైనా మార్చుకునే ముందు "ఇది పోయాక మిగిలేవాటిలో ఎవరి పావు మంచి గడిలో ఉంటుంది?" అని అడగాలి. జవాబు "వాళ్లది" అయితే మార్చకూడదు. రెండో వేషం దీనికి తలకిందులు: "ఎలాగూ ఓడతాను, ఒక మెరుపు మెరిపిద్దాం" అని లెక్క చూడకుండా గుర్రాన్నో బిషప్‌నో బలిచ్చేయడం. చూసేవాళ్లకి అది ధైర్యంలా కనిపిస్తుంది, నిజానికి ఆట తొందరగా ముగించుకోవాలనే భయమే. మూడు ఎత్తుల దాకా కళ్లకి కనిపించని బలి ఇవ్వొద్దనండి.

ఇక ఓడిపోయే స్థితిలో పడ్డాక ఏం చేయాలి? పిల్లలకి ఎవరూ సరిగ్గా నేర్పనిది ఇది, గెలుపు ఎక్కువగా దొరికేదీ ఇక్కడే. ఒక బంటు తక్కువైందని రాజుని పడుకోబెట్టే, అంటే ఓటమి ఒప్పేసుకునే, పిల్లలున్నారు. ఒక్క స్థితి దగ్గరగా చూపిస్తాను, బోర్డు మీద పేర్చండి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). తెల్ల రాజు డి5లో, తెల్ల బంటు ఈ5లో, తెల్ల రూక్ (ఏనుగు) ఏ7లో. నల్ల రాజు ఈ8లో, నల్ల రూక్ హెచ్6లో. పాపది నలుపు, ఒక బంటు తక్కువ. చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ రూక్ ఆరో వరుసలో కాపలా ఉన్నంతసేపు తెల్ల రాజు ముందుకి అడుగు వేయలేడు. నలుపు చేయాల్సిందల్లా రూక్‌ని ఆరో వరుసలోనే అటూ ఇటూ జరుపుతూ కాచుకోవడం. విసుగొచ్చి తెలుపు బంటుని ఈ6కి తోస్తుంది. అదే క్షణం కోసం చూడాలి. వెంటనే రూక్ హెచ్1కి దిగిపోవాలి. తెల్ల రాజు డి6కి వస్తే రూక్ డి1 నుంచి చెక్. ఈ5కి పోతే ఈ1 నుంచి చెక్. ఎఫ్6కి పోతే ఎఫ్1 నుంచి చెక్. బంటు ముందుకి వెళ్లిపోయింది కాబట్టి రాజుకి దాక్కునే నీడ లేదు. డ్రా. దీన్ని ఫిలిడోర్ స్థితి అంటారు. పిల్లలు తప్పు చేసేది ఒక్కచోటే: బంటు ఈ5లో ఉండగానే ఓపిక పట్టలేక రూక్‌ని కిందికి దింపి చెక్‌లు మొదలుపెడతారు. అప్పుడు రాజు ముందుకి నడిచి, బంటు చాటున చోటు వెతుక్కుంటాడు. కాపలా కాయడం ఎప్పటిదాకా, చెక్‌లు ఎప్పటినుంచి అన్నది చేతికి రావాలంటే మీరు తెలుపు పట్టుకుని పాపతో ఇరవైసార్లు ఆడండి. మీకు ఆట పెద్దగా రాకపోయినా ఫర్వాలేదు, ఇందులో తెలుపు పని తేలికే.

ఇలాంటివే ఇంకో మూడు వస్తే చాలు. రాజుల ఎదురెదురు నిలబాటు, దాన్ని ఆపోజిషన్ అంటారు. అంచు బంటు ముందున్న మూలలోకి రాజు చేరితే డ్రా అన్నది రెండోది. మూడోది, ఆ మూల గడి రంగు కాని బిషప్ ఉన్న ప్రత్యర్థి ఒక బిషప్, ఒక అంచు బంటు ఎక్కువున్నా, మన రాజు మూల చేరితే గెలవలేడన్నది. ఈ నాలుగూ వచ్చిన పిల్లకి వెనకబడి ఉన్నప్పుడు కూడా "నేను ఎక్కడికి పరుగెత్తాలి" అన్నది తెలుస్తుంది. నమ్మకం పట్టుకుని నిలబడటానికి కాలికింద గట్టి నేల అదే.

మామల్లపురంలోనే పదో రౌండులో గుకేశ్ గెలుపు ముంగిట దాకా వచ్చి, సమయం తక్కువలో తప్పు చేసి, ఉజ్బెక్ కుర్రాడు అబ్దుసత్తరోవ్‌కి ఓడిపోయాడు. ఆ ఆట అవతలి కుర్రాడి వైపు నుంచి చూపించండి పాపకి. అతను ఎత్తు తర్వాత ఎత్తు ఓపిగ్గా వేస్తూ ఉన్నాడు, అంతే. ఆ పోరు 2–2గా ముగిసింది, చివరికి స్వర్ణం వాళ్లదైంది.

ఓటమి తర్వాతి గంట గురించి. రోజుకి రెండు రౌండ్లు ఉండే టోర్నమెంట్లలో పొద్దున ఓడిన పిల్ల మధ్యాహ్నం కూడా ఓడడం చాలా మామూలు. 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ రాపిడ్ (తక్కువ సమయంలో ఆడే ఆట) టైటిల్ గెలిచినప్పుడు మన హంపి మొదటి రౌండు ఓడిపోయింది. తర్వాత పుంజుకుని 11 రౌండ్లలో 8.5 పాయింట్లు చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టొరంటో క్యాండిడేట్స్‌లో (ప్రపంచ చాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే పోటీ) గుకేశ్ ఏడో రౌండు ఫిరూజా చేతిలో ఓడాడు, 14 రౌండ్లకి 9 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. ఏడాది చివర్లో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోరులో మొదటి ఆటే ఓడాడు, 12వ ఆట కూడా ఓడాడు, 14వ ఆటలో గెలిచి 7.5–6.5తో చాంపియన్ అయ్యాడు. చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు. కానీ "నువ్వూ గుకేశ్‌వి అవుతావు" అని పాపతో అనకండి. వాళ్ల నాన్న డాక్టరు, అయినా కొడుకు వెంట తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టాల్సి వచ్చింది, ఖర్చుకి స్నేహితులు చెయ్యి వేశారు. ఆ దారి ఖరీదు వేరు. మీ పాప ఈ నెల దిగాల్సిన పోటీ వేరు.

ఓడిన వెంటనే ఏం చేయాలంటే, స్కోర్ షీట్ మడిచి సంచిలో పెట్టాలి. ఆ పూట దాన్ని తీయకూడదు, ఫోనులో కంప్యూటర్‌కి చూపించి ఎక్కడ తప్పిందో అడగకూడదు. మొహం కడుక్కుని, ఏదైనా తిని, 20 నిమిషాలు నీడలో నడవాలి. ఏడుపొస్తే ఏడవనివ్వండి, ఆపమనకండి. తర్వాతి రౌండు పెయిరింగ్‌లో (ఎవరికి ఎవరు ఎదురో చెప్పే జాబితా) బోర్డు నంబరు, రంగు చూసుకుంటే చాలు. ఎదుటివాళ్ల రేటింగ్ మీరు చూసి మడిచేయండి, పాపకి చెప్పకండి.

ఇప్పుడు మొక్కు సంగతి. అమ్మవారి మీద నమ్మకాన్ని నేను తక్కువ చేయను. గుకేశ్ ఆటకి ముందు నుదుట విభూతితో కళ్లు మూసుకుని కూర్చోవడం ప్రపంచమంతా చూసింది. సింగపూర్‌లో గెలిచి కన్నీళ్లు పెట్టుకుంటూనే పావుల్ని తిరిగి వాటి గళ్లలో పేర్చాడు. దణ్ణం పెట్టుకున్నాక ఊపిరి నెమ్మదిస్తుంది, గుండె దడ తగ్గుతుంది, "ఫలితం నా ఒక్కదాని చేతిలో లేదు, ఎత్తు మాత్రం నా చేతిలో ఉంది" అనే నిబ్బరం వస్తుంది. వణికే చేతికి అది చాలా పెద్ద మందు. పాపకి అలవాటుంటే బల్ల దగ్గర కూర్చున్నాక కళ్లు మూసుకుని పది ఊపిర్లు లెక్కపెట్టి, అమ్మవారిని తలుచుకుని, కళ్లు తెరవమనండి.

కానీ "గెలిస్తే" అన్న ఆ ఒక్క షరతు నాకు నచ్చలేదు. 13 ఏళ్ల పిల్లకి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. తను ఓడితే అమ్మ మొక్కు ఆగిపోతుంది, అమ్మవారికి తన వల్ల పొంగలి అందదు. ఎదుట 1800, నెత్తిన మొక్కు. రెండు బరువులతో ఏ చెయ్యి వణకదు? ఆవిడతో మాట్లాడి మొక్కుని కాస్త మార్చుకోమనండి: "9 రౌండ్లూ మధ్యలో లేవకుండా కూర్చుని ఆడితే పొంగలి." అది పాప చేతిలో ఉన్న పని. ఫలానా ఆదివారం వెళ్తున్నామని ముందే తేదీ పెట్టేయండి, ఎన్ని పాయింట్లు వచ్చినా సరే.

సాధన విషయానికొస్తే, పేదరికం ఆటని పదును పెడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కోచ్ ఉన్న పిల్లకి కోచ్ ఉన్న లాభం ఉంటుంది. అయితే 1400లకీ 1800లకీ మధ్య తేడాలో ఎక్కువ భాగం డబ్బుతో కొనాల్సినది కాదు. లిచెస్ అనే సైట్, యాప్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా లేవు. మీరు పని నుంచి వచ్చాక రాత్రి ఫోనులో పది పజిల్స్ తెరిచి, పావులు ఏ గళ్లలో ఉన్నాయో నోటు పుస్తకంలో రాసుకోమనండి. మర్నాడు మీరు ఫోనుతో పనికి వెళ్లాక వాటిని ప్లాస్టిక్ బోర్డు మీద పేర్చి, పావు కదపకుండా, జవాబు మొత్తం రాయాలి. రాత్రి సరిచూసుకోవాలి. ఫోనులోనే ఆడే పిల్లలకి నిజమైన బోర్డు ముందు కూర్చుంటే మూలన ఉన్న బిషప్ కంటికి ఆనదు. మీ పాపకి ఆ ఇబ్బంది ఉండదు. కొత్త పజిల్స్ వెంట పరుగెత్తకుండా మొదటి 15 రోజుల్లో 150 చేసి, మిగతా 15 రోజుల్లో ఆ 150నే మళ్లీ మొదటినుంచి చేయాలి. రెండోసారి తప్పినవే తన అసలు బలహీనతలు.

రోజుకి గంటన్నర చాలు. 40 నిమిషాలు పజిల్స్, 30 నిమిషాలు పైన చెప్పిన నాలుగు చివరి ఆటలు, 20 నిమిషాలు తను ఓడిన ఒక పాత ఆట. పాత ఆట చూసేటప్పుడు ముందు తనే "ఇక్కడ ఏమనుకున్నాను" అని పక్కన రాయాలి, కంప్యూటర్ జవాబు ఆ తర్వాతే. ఓపెనింగ్‌లు, అంటే ఆట మొదలుపెట్టే తీరులు, ఈ నెల కొత్తవేవీ వద్దు. తెలుపుతో ఒకటి, ఎదుటివాళ్లు మొదట బంటుని ఈ4కి తోస్తే ఒకటి, డి4కి తోస్తే ఒకటి, ఇప్పుడు ఆడేవే, మొదటి ఎనిమిది ఎత్తులు ఎందుకు వేస్తున్నామో తెలిస్తే చాలు. టోర్నమెంట్ ముందు వారం యూట్యూబ్‌లో కొత్త ఎత్తుగడ చూసి వెళ్లి పదో ఎత్తుకి దారి తప్పినవాళ్లు కోకొల్లలు.

ప్రతి ఆదివారం ఒక పూర్తి ఆట ఆడించండి, అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఫోనులో ఉచిత చెస్ క్లాక్ యాప్ వేసి 90 నిమిషాలు, 30 సెకన్లు పెట్టండి. బడి స్నేహితురాలైనా, పీటీ సార్ అయినా, ఎవరైనా సరే. స్కోర్ షీట్ రాయాలి, మధ్యలో లేవకూడదు. ఇంట్లో కుక్కర్ కూతలు, వీధిలో బండి హారన్లు అన్నీ ఉండనివ్వండి. పోటీ హాల్లో కూడా కుర్చీల చప్పుడు, దగ్గులు ఉంటాయి. నాలుగు ఆదివారాలు అలా కూర్చున్న పిల్లకి మూడున్నర గంటల ఆట కొత్తగా అనిపించదు.

హాల్లో అమాయకంగా పాయింట్లు పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఫోను మీ దగ్గరే ఉండాలి, పాప దగ్గర దొరికితే ఆట పోతుంది. ముట్టుకున్న పావునే కదపాలి. నియమం తప్పిన ఎత్తు మొదటిసారి వేస్తే ఎదుటివాళ్లకి 2 నిమిషాలు కలుపుతారు, రెండోసారి ఓటమే. ఒకే స్థితి మూడోసారి రాబోతుంటే డ్రా అడగవచ్చు, కానీ పద్ధతి ఉంది: ఎత్తుని బోర్డు మీద వేయకుండా షీట్‌లో రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ని (ఆట నిర్ణేత) పిలవాలి. పావు ముట్టుకుంటే ఆ ఎత్తుకి హక్కు పోతుంది. ముందే రాయకూడదన్న నియమానికి ఇది మినహాయింపు, పాపకి రెండూ కలిపి చెప్పండి. ఎదుటి పెద్దాయన "డ్రాయేగా" అని చేయి చాపితే భయపడి కలపకూడదు, అర్థం కాకపోతే ఆర్బిటర్‌ని పిలవడానికి మొహమాటపడకూడదు. తమిళంలో అడిగినా తెలుగులో అడిగినా ఆయన వచ్చి చూస్తారు.

ఆట రోజు పొద్దున ఇడ్లీ చాలు, కడుపు నిండా పెరుగన్నం తిని కూర్చుంటే రెండో గంటలో కళ్లు మూతలు పడతాయి. నీళ్ల సీసా, రెండు అరటిపళ్లు, రెండు పెన్నులు. వ్యాసర్‌పాడి జీవా స్టేషన్లో ఒక రైలు ముందుది ఎక్కండి, 45 నిమిషాలు ముందే చేరేలా. ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చిన చెయ్యి మొదటి పది ఎత్తుల దాకా నిలబడదు.

డబ్బు గురించి కూడా అడిగారు. ఏడాదికి ఇలాంటివి మూడు చాలు. నెలకొకటి పంపితే ఫీజూ పోతుంది, నేర్చుకునే వ్యవధీ ఉండదు. ఈసారి లెక్క ఇలా పెట్టుకోండి: ఎదురొచ్చేవాళ్లు అందరూ 200 ఎక్కువ అనుకున్నా 9 ఆటలకి అంచనా 2.16. పాప 3 పాయింట్లు చేస్తే రేటింగ్ 33 పైన పెరుగుతుంది. 3 పాయింట్లంటే ఆరు ఓటములు కూడా ఉండొచ్చు. అది మంచి టోర్నమెంటే.

హాలు బయట నిలబడేది మీరు కాబట్టి మీకొక మాట. పాప తలుపు దాటి రాగానే "గెలిచావా" అని అడగకండి, మొహం చూస్తే తెలిసిపోతుంది. "ఎన్ని ఎత్తులు ఆడావు, గడియారంలో ఎంత మిగిలింది" అని అడగండి. 20 కాకుండా 40 అంటే, ఓడినా సరే, భుజం తట్టండి. 9 రౌండ్లూ అయ్యాక స్కోర్ షీట్లన్నీ, పక్కన రాసిన గడియారం అంకెలు కనబడేలా, ఫోటోలు తీసి పంపండి. చెయ్యి ఎక్కడ తొందరపడిందో ఎత్తు ఎత్తుకీ చూసి రాస్తాను.